గోడల్లేని నీళ్లు

జూన్ 2

ఖాయమైపోయింది. వెళ్తున్నాం.

సాయంత్రం బ్యాచ్ అయిపోయి పిల్లలు తలలు తుడుచుకుంటుండగా లిఫ్టాయన పూల్ దగ్గరికి వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు. మా బిల్డింగ్ లిఫ్టులో నేను ఇరుక్కుపోయిన రోజు తలుపు సందులోంచి చెయ్యిచ్చి పైకి లాగింది ఈయనే. అప్పటి నుంచీ డైరీలో ఈయన లిఫ్టాయనే. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం మర్యాదగానే పిలుస్తాను.

కౌంటర్ మీద మ్యాప్ పరిచాడు. సన్న దారంలాంటి రోడ్డు వంకర్లు తిరిగి తిరిగి నీలం రంగు దగ్గర తెగిపోయింది. అక్కడ ఊరు లేదట, దుకాణాలు లేవట. ఇసుక దిబ్బల వెనక ఒక గెస్ట్‌హౌస్, ముందు మహాసముద్రం, అంతేనట. ఏడాదంతా లిఫ్టు గోతుల్లో కూర్చుని పైకి చూస్తుంటాను, తలెత్తితే ఏదీ అడ్డురాని చోటు ఒక్కసారి చూడాలనుంది అన్నాడు.

ఆయన మాట పూర్తవకముందే సరే అనేశాను.

పదిహేనేళ్లుగా ఈత నేర్పుతున్నాను. ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఎవరైనా అడిగితే నవ్వేసి మాట మారుస్తాను. పెళ్లిళ్ల పేరయ్యకి పెళ్లి కాలేదన్నట్టుంటుంది సంగతి. ఆ లెక్కన రెండు విధాలా నేను పేరయ్యనే.

బుడంకాయ కూడా వస్తుంది. లిఫ్టాయన కూతురు, తొమ్మిదేళ్లు, గుండ్రటి కళ్లజోడు. మూడేళ్ల కిందట తల్లి జబ్బు చేసి పోయింది. అది ఊ అంటేనే మన పెళ్లి సంగతి అని ఆయన మొదట్లోనే చెప్పాడు. అలా చెప్పినందుకే ఆయన నాకు ఇంకాస్త నచ్చాడు. కానీ ఆ పిల్ల నాతో బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. మీరు, మేడమ్, థాంక్యూ. నీళ్లంటే భయం. పూల్ వైపుకే రాదు.

జూన్ 3

అమ్మ కూడా వస్తుందట. గాలి మార్పు కోసమట.

జూన్ 6

అమ్మ సామాను: రెండు గొడుగులు, నాలుగు రకాల మాత్రలు, ఫ్లాస్కు, దుప్పటి, ఉడకబెట్టిన గుడ్లు, ఒక ఇనప గరిటె. గరిటె ఎందుకు అంటే, అవసరమొచ్చినప్పుడు అడుగుతావులే అంది.

నా సామాను: కొత్త స్విమ్‌సూట్. ముదురు నీలం. దాన్ని మడత కింద దాచాను. అమ్మ బయటికి లాగింది. చూడ్డానికేగా వెళ్తున్నాం, చూడ్డానికి ఇది దేనికి అంది. ఎండిపోయిన బావిలో కూడా మనిషిని ముంచే నీళ్లుంటాయి అని ఆవిడ నమ్మకం. అలాంటి మనిషి కడుపున నేను పుట్టాను.

నిద్ర పట్టేలా లేదు. రేపు తెల్లారకుండానే బయల్దేరాలి. ముప్పై ఎనిమిదేళ్ల ఆడదాన్ని, స్కూలు పిక్నిక్‌కి వెళ్లే పిల్లలా దిండు కింద అలారం పెట్టుకున్నాను.

జూన్ 7, మధ్యాహ్నం, పెట్రోల్ బంకులో

మా తమ్ముడి వ్యాను. దాని నాలుగో గేరు బతిమాలితే తప్ప పడదు. ముందు సీట్లో మేమిద్దరం, వెనక అమ్మా బుడంకాయా. బయల్దేరిన కాసేపటికే వెనకవాళ్లిద్దరూ ఒక పార్టీ అయిపోయారు. అమ్మ నా చిన్నప్పటి కథలు విప్పింది. నేను కొత్త చెప్పులు అరిగిపోతాయని స్కూలుకి చేత్తో పట్టుకెళ్లడం, మా తమ్ముడి జుట్టు నేనే కత్తిరించి, ఆ జుట్టుని మంచం కింద పాతిపెట్టినట్టు దాచడం. బుడంకాయ కిచకిచ నవ్వింది. నన్ను చూసే నవ్వింది. అయినా నవ్వింది కదా.

కొండ మలుపుల్లో దానికి కడుపు తిప్పింది. కవరు పట్టుకుని వీపు నిమిరాను. మొత్తం అయ్యాక మూతి తుడుచుకుని, మీకు చాలా థాంక్స్ మేడమ్ అంది.

కక్కుకున్నాక కూడా మర్యాద తప్పని పిల్లని ఏం చేయాలి?

జూన్ 8

ముందు వాసన వచ్చింది. తడిసిన ఇనుములాంటి, ఉప్పులాంటి వాసన. వ్యానులో అందరం మాటలాపేశాం. తర్వాత రోడ్డు అయిపోయింది. నిజంగానే అయిపోయింది. తారు మీదికి ఇసుక పాకి, ఇంకో నాలుగడుగుల తర్వాత తారు అన్న మాటే లేదు. దిగి నడిచాం. దిబ్బ ఎక్కుతుంటే ఎక్కడో పెద్ద లారీ ఒకటి ఎంతకీ దాటిపోకుండా వస్తున్నట్టు మోత. లిఫ్టాయన వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. లారీ ఏదీ లేదు.

దిబ్బ పైకి వచ్చాను.

ఏం రాయను? ఫొటోల్లో అది కదలదు. సినిమాల్లో కదిలినా తెర అంచు దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ ఆగేది లేదు. ఎడమ వైపు చివర లేదు, కుడి వైపు చివర లేదు. అలలు ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి పడి, విరిగి, లేచి, మళ్లీ. నీలం కాదు, బూడిద రంగూ ఆకుపచ్చా కలిసిన రంగు. గాలికి నోరు తెరిస్తే మాట లోపలికే పోతోంది. నా అరికాళ్లు వణికాయి. భయం కాదది. రేసు మొదలయ్యే ముందు బ్లాకు మీద నిలబడ్డప్పుడు వచ్చేది.

లిఫ్టాయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, ఏదైనా తగులుతుందేమోనని చూస్తున్నట్టు. ఏమీ తగల్లేదు. అలాగే చాలాసేపు ఉన్నాడు.

ఇక అమ్మ. నీళ్లంటే ఆమడ దూరం ఉండే మా అమ్మ చెప్పులు విప్పి, గొడుగు ఇసుకలో గుచ్చి, ఎవరికీ చెప్పకుండా తిన్నగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. నురుగు కాళ్లకి తగలగానే కెవ్వుమని అరిచి వెనక్కి పరిగెత్తింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ అరిచింది. అరవై మూడేళ్లు దాటిన మనిషి.

బుడంకాయ వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని, రాత్రిపూట దీన్ని ఎవరు ఆపుతారు అని అడిగింది. ఎవరూ ఆపరు అంటే, మరి దీనికి నిద్ర అంది.

ఒక బోర్డు ఉంది. ఈత ప్రమాదకరం, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి అని. రెండుసార్లు చదివాను.

జూన్ 9

రోజంతా ఒడ్డునే. జుట్టు తాళ్లలా అయింది, పెదాలు ఉప్పగా ఉన్నాయి, భుజాలు కాలిపోయాయి. ఇంత ఆకలి జీవితంలో ఎప్పుడూ లేదు. గెస్ట్‌హౌస్ ఆవిడ ఇచ్చిన సూపూ రొట్టే అమ్మ మూడుసార్లు అడిగి పెట్టించుకుంది. అది చాలక, సూప్ కుండ అడుగు గీకడానికి గరిటె తెచ్చిచ్చింది. అవసరమొచ్చినప్పుడు అడుగుతావన్నానా లేదా అని నా వైపు చూసింది.

మధ్యాహ్నం దూరంగా నల్లటి వీపులు లేచాయి. రెండు, మూడు, ఆరు. డాల్ఫిన్లు. నలుగురం ఒకేసారి ఒకళ్లనొకళ్లం కొట్టుకుంటూ చూపించుకున్నాం. లిఫ్టాయన చెయ్యి నా భుజం మీద పడి, దిగడం మర్చిపోయింది. అమ్మ చూసి డాల్ఫిన్ల వైపు తిరిగింది.

ఒడ్డు వెంబడే కాస్త దూరంలో ఒక వాగు ఇసుకని కోసుకుంటూ వచ్చి సముద్రంలో కలుస్తోంది. బుడంకాయ దాని దగ్గర ఆగిపోతుంది. సముద్రం వైపు కూడా పొడి ఇసుక దాటి రాదు. చెయ్యి పట్టుకుంటాను రా అన్నాను. వద్దు మేడమ్, మీరు వెళ్లండి అంది. తర్వాత చూస్తే అమ్మ చెయ్యి పట్టుకుని గవ్వలు ఏరుతోంది. మా అమ్మ మీద నాకే అసూయ. ఎవరికైనా చెప్పుకుంటే నవ్విపోతారు.

జూన్ 10

ఎల్లుండి తిరుగు ప్రయాణం. ఇంతదాకా వచ్చి తడవకుండా పోతే నన్ను నేను కోచ్ అనుకోవడం ఎందుకు? రేపు పొద్దున్నే ఒక్కసారి. మోకాళ్ల దాకానే.

జూన్ 11, మధ్యాహ్నం

అక్షరాలు ఎలా వస్తే అలా.

పొద్దున అమ్మ గెస్ట్‌హౌస్ వసారాలో టీ తాగుతోంది. లిఫ్టాయన ఇసుకలో దిగబడిన వ్యాను చక్రం తవ్వుతున్నాడు. నేనూ బుడంకాయా ఒడ్డున. అది పొడి ఇసుకలో గవ్వలు పేరుస్తోంది. నా ఎర్ర టవల్ దాని పక్కన పడేసి, ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా అన్నాను. అది తలెత్తి చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

అలలు విరగని చోటు ఒకటి కనిపించింది. అటూ ఇటూ నురుగు, మధ్యలో నున్నగా, మెత్తగా. పూల్‌లా ఉంది. అక్కడ దిగాను. అలలు విరగని చోటే నీళ్లు వెనక్కి వెళ్లే దారి అని ఏటా బోర్డు మీద మార్కరుతో బాణం గుర్తులు వేసి మరీ పిల్లలకి చెప్పే మనిషిని నేను. దిగింది నేనే.

మోకాళ్లు. తొడలు. ఎంత బాగుందో. చల్లదనం ఎముకల్లోకి ఎక్కి పిచ్చిగా నవ్వొచ్చింది. ఇంకో అడుగు. ఆ అడుగు కింద ఇసుక లేదు.

తిరిగి చూస్తే ఒడ్డు నేననుకున్న చోట లేదు. ఈదాను. నాకు తెలిసినంత వేగంగా, ఒకప్పుడు పతకాలు తెచ్చిపెట్టిన ఈత. తలెత్తితే ఒడ్డు ఇంకా వెనక్కి జరిగింది. మళ్లీ ఈదాను. భుజాలు మండిపోయాయి. నోట్లోకి నీళ్లు. అలవాటు ప్రకారం నా చెయ్యి ముందుకి వెళ్లి గోడ కోసం వెతికింది. పాతిక మీటర్లకోసారి గోడ తగలాలి కదా. తగల్లేదు. అప్పుడు భయం వేసింది.

ఈదడం మానేశాను. వెల్లకిలా తిరిగాను. నీ ఇష్టం, ఎక్కడికి తీసుకెళ్తావో తీసుకెళ్లు అనుకున్నాను. ఆకాశం ఉంది, నా ఊపిరి ఉంది. ఒక అల నన్ను ఎత్తింది. ఆ ఎత్తులోంచి ఒడ్డు కనిపించింది.

ఒడ్డున ఎర్రగా ఏదో పరిగెడుతోంది.

బుడంకాయ. నా టవల్ తల మీద జెండాలా పట్టుకుని పరిగెడుతోంది. ప్రవాహం నన్ను పక్కకి లాక్కెళ్తుంటే, అదీ నాకు సరిగ్గా ఎదురుగా ఉండేలా పరిగెడుతోంది. అల దించితే కనిపించదు. ఎత్తితే కనిపిస్తుంది. పడింది. లేచింది. ఏదో అరుస్తోంది. ఒక్క ముక్క వినపడలేదు, కానీ నోరు తెరుచుకోవడం తెలుస్తోంది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. దాని కోసం ఒక చెయ్యి పైకెత్తాను. అది టవల్ ఇంకా గట్టిగా ఊపింది.

తర్వాత వాగు అడ్డొచ్చింది. ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. వాగులోకి దిగింది. మోకాళ్లు దాటి నీళ్లు. టవల్ మాత్రం పైనే ఉంది. అవతలి గట్టు ఎక్కి మళ్లీ పరుగు.

లాగుడు తగ్గిన చోట ఒడ్డుకి ఏటవాలుగా మెల్లిగా ఈదాను. అలలు విరిగే చోటికి చేరాక ఇక నేను ఈదాల్సిన పనే లేదు. అవే నన్ను చాకలి మూటలా ఎత్తి ఇసుక మీద పడేశాయి. మోచేతుల మీద పాకాను.

అది వచ్చింది. ఆ టవల్‌తో నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"నీకు బుద్ధుందా? బోర్డు చదవడం రాదా నీకు? నువ్వు కోచ్‌వి కదా! ఇప్పుడే వస్తానని ఎందుకన్నావు? రాలేవని తెలిసినప్పుడు ఎందుకలా అన్నావు? మీరందరూ ఇంతేనా?"

నువ్వు అంది. నీకు అంది. నేను దగ్గుతూ, ఉప్పునీళ్లు కక్కుతూ, ఆ మాటే విన్నాను.

లిఫ్టాయన దిబ్బల మీంచి పరిగెత్తుకొచ్చాడు, చేతిలో ఇంకా పార ఉంది. వచ్చీ రాగానే బుడంకాయ మీద అరిచాడు. పెద్దవాళ్లని నువ్వు అంటావా, ఇదేనా నేర్పింది అని. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు.

నేను అన్నాను, "అననివ్వండి. దాని నోటికి అడ్డుపడకండి."

ఆయన పార వదిలేసి ఇసుకలో కూలబడ్డాడు. అమ్మ అందరి కంటే చివర వచ్చింది, ఒక కాలికే చెప్పు. చెంప మీద కొట్టి, అదే చెంపని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది.

జూన్ 11, సాయంత్రం

లిఫ్టాయన చెప్పాడు. మూడేళ్ల కిందట ఆసుపత్రికి బయల్దేరుతూ బుడంకాయ వాళ్లమ్మ గుమ్మంలో అన్న మాట అదేనట. ఇప్పుడే వచ్చేస్తా అని. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఆ మాట వాడలేదట. నాకు చెప్పాల్సింది, తట్టలేదు అన్నాడు.

నేను బుడంకాయ గదికి వెళ్లాను. కళ్లజోడు తుడుచుకుంటోంది. ఇక ఎప్పుడూ ఆ మాట అనను అన్నాను. మరేమంటావు అని అడిగింది. నిజమే, ఏమంటాను? అదే చెప్పింది: "వెళ్తున్నా అని చెప్పు, చాలు. వస్తున్నావో లేదో నేను చూసుకుంటా."

పక్క మంచం మీద పడుకున్న అమ్మ లేచి కూర్చుంది. వెళ్తున్నా అనకూడదు, అపశకునం, వెళ్లొస్తా అనాలి అంది. వచ్చేదాకా ఎలా తెలుస్తుంది అమ్మమ్మా అంది బుడంకాయ. పెద్దవాళ్లు పెట్టిన మాట, తెలియడం కోసం కాదే, ఆశ కోసం అంది అమ్మ. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నాకు మధ్యలో ఒక్క మాటకి చోటివ్వలేదు. చివరికి తేలింది: నేను వెళ్తున్నా అనాలి, అమ్మ నా తరఫున వెళ్లొస్తుంది అనాలి.

అమ్మమ్మా అని ఎప్పటి నుంచి పిలుస్తోందో నేను గమనించనే లేదు.

ఒళ్లంతా నెప్పులు. అయినా నవ్వొస్తోంది. ఎందుకో అస్సలు ఆగడం లేదు.

జూన్ 12

ఈ రోజు గురించి పేజీలు పేజీలు రాయాలి, కానీ కింద వ్యాను హారన్ కొడుతున్నారు.

పొద్దున బుడంకాయ మమ్మల్నందరినీ వాగు దగ్గరికి లాక్కెళ్లింది. గట్టున నిలబడి నీళ్ల వైపు చూసి, దీన్ని నేనే దాటానా అంది. నువ్వే అన్నాను. పరిగెత్తుతూనా? పరిగెత్తుతూనే. నమ్మలేదు. సాక్ష్యం కోసం అవతలి గట్టు మీద దాని పాదాల గుర్తులు వెతికాం. గాలి ఒక్కటీ మిగల్చలేదు. అయితే మళ్లీ దాటి చూస్తా అంది.

ముందు మెల్లిగా. తర్వాత గంతులేస్తూ. తర్వాత ఆపినా ఆగకుండా. లిఫ్టాయన ప్యాంటు మడిచి వెంటపడ్డాడు, జారి చతికిలబడ్డాడు. అమ్మ గట్టు మీద గొడుగు తిప్పుతూ, ఇంకొంచెం ఎడమ పక్కకి, అక్కడ రాయుంది అని డైరెక్షన్ ఇచ్చింది. ఈతరాని మనిషి నా ముందే ఈత పాఠాలు చెప్పింది.

వాగు నడుమ మోకాలి లోతులో కూర్చుని చేతులు చాపాను. బుడంకాయ నా అరచేతుల మీద వెల్లకిలా పడుకుంది. కళ్లజోడు తీసి వాళ్ల నాన్నకిచ్చింది. మెడ బిగదీసుకుంది. ఆకాశం కనిపిస్తోందా అని అడిగాను. అంతా మసగ్గా ఉంది అంది. చాలు, మసక ఆకాశం కూడా మోస్తుంది అన్నాను. కాసేపటికి మెడ వదులైంది. చేతులు కాస్త కిందికి దించాను. అది తేలింది. నేను పట్టుకోలేదు. నీళ్లు పట్టుకున్నాయి. మూడు ఊపిర్లు. నాలుగు.

నా జీవితంలో ఎంతమందిని తేల్చానో లెక్కలేదు. ఇలా కళ్లు మసకబారడం ఇదే మొదలు.

వస్తున్నా, వస్తున్నా. హారన్ ఆపరేంటి.

జూన్ 13, దారిలో

సగం దూరం బుడంకాయ కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాం. మలుపులన్నీ అయిపోయి తిన్నటి రోడ్డు వచ్చాక వెనక సీట్లోంచి ఒక్కసారిగా చెప్పింది. వాళ్లింట్లో తడి టవళ్లు మంచం మీద వేయకూడదట. బాత్రూమ్ గోడకి చీల ఉందట. ముందే చెప్తోందట, తర్వాత గొడవ వద్దట.

లిఫ్టాయన అద్దంలోకి చూశాడు. నాలుగో గేరు పడలేదు. మళ్లీ వేశాడు, పడలేదు. వ్యాను రోడ్డు మధ్యలో ఆగింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆయన ముందుకి చూస్తూ నా చెయ్యి వెతుక్కుంటున్నాడు, నేను కిటికీలోంచి చూస్తూ ఆయన చెయ్యి వెతుక్కుంటున్నాను. అమ్మ వెనక నుంచి, ముందు బండి కదిల్చి తర్వాత ఏడవండి అంది.

ఇంతకీ బుడంకాయ ఊ అనలేదు. ఎవరం అడగలేదు కూడా.

జూన్ 16

క్లాసు మధ్యలో తల విదిలిస్తే చెవిలోంచి ఇసుక రేణువు ఒకటి రాలి అరచేతిలో పడింది. పిల్లలు నీళ్లలోంచి ఎక్కి చుట్టూ మూగారు. ఎక్కడిది మేడమ్ అన్నారు. పూల్ అంచు మీద కూర్చున్నాను. వాళ్లూ కూర్చున్నారు.

ఈ రోజు ఎవరికీ ఈత నేర్పలేదు.